ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్‌కు చైనా మూలికా వైద్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పెద్దవారికి ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ అని తేలి, ఏర్పడిన మచ్చ ఇక పోదని డాక్టరు చెప్పిన రోజు సాయంత్రమే, కుటుంబంలో ఎవరో ఒకరు వేరే దారి ఏదైనా ఉందా అని వెతకడం మొదలుపెడతారు. సింగపూరులోనో మలేషియాలోనో స్థిరపడిన బంధువులు అక్కడి చైనా మందుల దుకాణాల గురించి చెబుతారు. చైనాలో ఎంబీబీఎస్ చదివి వచ్చిన పిల్లలు అక్కడి ఆసుపత్రులలో మాత్రలతో పాటు కషాయాలు కూడా ఇస్తారని చెబుతారు. రెండూ నిజమే. కానీ ఆ మాటలు విని మందు మొదలుపెట్టే ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

ముందుగా, ఫైబ్రోసిస్ అంటే సరిగ్గా ఏమిటి?

ఊపిరితిత్తులలోని గాలి గదుల గోడలు చాలా పల్చగా ఉంటాయి. వాటి గుండానే ఆక్సిజన్ రక్తంలోకి చేరుతుంది. ఆ గోడలలో మచ్చకణజాలం పేరుకుని అవి మందంగా, బిరుసుగా మారడమే ఫైబ్రోసిస్. లేత బీరకాయ ఎండి పీచుగా మారితే ఎలా ఉంటుందో, ఊపిరితిత్తి కూడా అలా సాగే గుణం పోగొట్టుకుంటుంది. ఇలాంటి జబ్బులు రెండు వందలకు పైగా ఉన్నాయి. సిలికా ధూళి వల్ల వచ్చేవి, కీళ్లవాతంతో పాటు వచ్చేవి, పావురాల రెట్టల వల్లనో బూజు వల్లనో వచ్చేవి, కొన్ని మందుల వల్ల వచ్చేవి ఇందులో ఉన్నాయి. ఏ కారణమూ దొరకని రకాన్ని ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్, క్లుప్తంగా ఐపీఎఫ్ అంటారు. సాధారణంగా అరవై దాటినవారిలో పొడిదగ్గుతో, మెట్లెక్కితే వచ్చే ఆయాసంతో ఇది మొదలవుతుంది. స్టెతస్కోపు వీపు మీద పెడితే వెల్క్రో పట్టీని విప్పినప్పటి చప్పుడు వినిపిస్తుంది, హెచ్‌ఆర్‌సీటీ స్కానులో ఊపిరితిత్తుల అడుగు భాగం తేనెతుట్టెలా కనిపిస్తుంది. చికిత్స లేని రోజులలో ఈ జబ్బు నిర్ధారణ అయ్యాక రోగులలో సగం మంది మూడు నుంచి ఐదేళ్లలోపే మరణించేవారు. ఇక్కడి జవాబులు ప్రధానంగా ఐపీఎఫ్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

చైనా సంప్రదాయ వైద్యం ఈ జబ్బును ఎలా చూస్తుంది?

ఫైబ్రోసిస్ అన్న భావన ఆ పాత గ్రంథాలలో లేదు. ఉండే అవకాశం కూడా లేదు, ఎందుకంటే అది సూక్ష్మదర్శినిలోనూ స్కానులోనూ చూసి పెట్టిన పేరు. దానికి దగ్గరగా నేటి చైనా వైద్యులు రెండు పాత పదాలను వాడతారు. ఒకటి ఫెయివెయి, అంటే ఊపిరితిత్తి వాడిపోవడం. క్రీ.శ. 200 ప్రాంతంలో జీవించిన జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుని గ్రంథంలో దీని వర్ణన ఉంది. శరీరంలోని ద్రవాలు హరించుకుపోవడం వల్ల ఊపిరితిత్తి ఎండి వాడుతుందని ఆయన భావించాడు. రెండవది ఫెయిబి, అంటే ఊపిరితిత్తిలో అడ్డు ఏర్పడటం. ఇది అంతకంటే పాతదైన హువాంగ్‌ది నెయ్‌జింగ్ గ్రంథంలో కనిపిస్తుంది.

ఆ వైద్యంలో ఊపిరితిత్తి లోహతత్త్వానికి, మూత్రపిండం జలతత్త్వానికి చెందుతాయి. లోహం జలానికి తల్లి. ఊపిరి తీసేది ఊపిరితిత్తి అయినా ఆ ఊపిరిని లోపల పట్టి ఉంచేది మూత్రపిండమని వారి సిద్ధాంతం. కనుక చాలాకాలంగా ఆయాసపడుతున్న రోగికి మూత్రపిండానికి బలమిచ్చే మూలికలు కూడా ఇస్తారు. నాడి పట్టి చూసి, నాలుక రంగూ పూతా చూసి, ఒకే జబ్బు ఉన్న ఇద్దరికి రెండు వేర్వేరు కషాయాలు రాయడం ఆ పద్ధతిలో మామూలు. వాతపిత్తకఫాల లెక్క తెలిసిన తెలుగువారికి ఈ ధోరణి కొత్తగా అనిపించదు.

ఏ మూలికలు వాడతారు?

రక్తం కదలికను పెంచుతాయని చెప్పేవి ఒక వర్గం: దాన్‌షెన్ వేరు, చువాన్‌షియోంగ్, దాంగ్‌గుయి, మనకు నూనెగింజగా తెలిసిన కుసుమ పువ్వు. బలానికి ఇచ్చేవి ఇంకొక వర్గం: హువాంగ్‌చీ వేరు, జిన్‌సెంగ్, కార్డిసెప్స్. తడి చేకూర్చి దగ్గు తగ్గిస్తాయని ఇచ్చేవి మైమెన్‌దోంగ్, బెయ్‌ము వంటివి. చాలా కషాయాలలో అతిమధురం పడుతుంది. జాంగ్ జోంగ్‌జింగ్ పేరున ప్రసిద్ధమైన మైమెన్‌దోంగ్ కషాయంలో ఆరు ద్రవ్యాలే ఉంటాయి. వాటిలో అతిమధురంతో పాటు ఎర్రటి చైనా రేగుపండ్లూ, బియ్యమూ కూడా ఉన్నాయి. చదివితే మన వంటింటి మందులాగే ఉంటుంది. ఈనాడు ఇవి కషాయం పొట్లాలుగానే కాక పొడులుగా, క్యాప్సూళ్లుగా, చైనాలోనైతే కొన్ని ఇంజెక్షన్లుగా కూడా దొరుకుతున్నాయి.

ఇవి మచ్చను తగ్గిస్తాయని నిరూపణ అయిందా?

కాలేదు. ఈ మాటను కొంచెం వివరించాలి, ఎందుకంటే వెతికితే అనుకూలమైన పరిశోధనలు వందల కొద్దీ కనిపిస్తాయి.

వాటిలో మనుషుల మీద జరిగినవి చాలావరకు చైనాలోనే, తక్కువ మంది రోగులతో, కొద్ది నెలల పాటు జరిగినవి. ఎవరికి అసలు మందు ఇస్తున్నారో, ఎవరికి ఉత్తుత్తి మందు ఇస్తున్నారో రోగికీ వైద్యునికీ తెలియకుండా చేయడం వాటిలో అరుదు. చేదు కషాయానికి అదే రుచి, అదే వాసన గల ఉత్తుత్తి కషాయం తయారుచేయడం తేలిక కాదన్నది నిజమే. అయినా ఆ జాగ్రత్త లేకపోతే, రోగి తనకు బాగుందని చెప్పిన మాటకూ ఊపిరితిత్తి నిజంగా బాగుపడటానికీ తేడా పట్టుకోలేము. చాలా పరిశోధనలలో ఫలితం ‘మెరుగుదల శాతం’ అన్న లెక్కలో ఉంటుంది. అందులో దగ్గు, ఆయాసం, నాలుక రంగు అన్నీ కలిసిపోతాయి. ఐపీఎఫ్‌లో లెక్కకు వచ్చేవి వేరు: గట్టిగా ఊపిరి పీల్చి వదిలినప్పుడు బయటికి వచ్చే గాలి పరిమాణమైన ఎఫ్‌వీసీ ఏడాదికి ఎంత తగ్గింది, జబ్బు ఒక్కసారిగా ముదిరి ఎందరు ఆసుపత్రిలో చేరారు, ఎందరు బతికి ఉన్నారు. ఈ కొలతల మీద, పెద్ద సంఖ్యలో రోగులతో, వివిధ దేశాలలో పరీక్షకు నిలిచిన చైనా కషాయం ఇంతవరకు ఒక్కటీ లేదు. ఐపీఎఫ్ చికిత్స మీద అమెరికా, ఐరోపా, జపాన్, లాటిన్ అమెరికా ఊపిరితిత్తుల వైద్య సంఘాలు కలిసి 2022లో వెలువరించిన మార్గదర్శకాలలో మూలికా వైద్యానికి సిఫారసు లేదు.

ఇది మూలికల పట్ల చిన్నచూపు కాదా?

ఈ అనుమానం న్యాయమైనదే, కనుక ఆధునిక వైద్యం తన సొంత మందుల పట్ల ఎలా ప్రవర్తించిందో చూడాలి. ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్, అజాథియోప్రిన్, ఎసిటైల్ సిస్టీన్ ఈ మూడింటినీ కలిపి ఐపీఎఫ్‌కు ఇవ్వడం ఏళ్ల తరబడి ప్రపంచమంతటా వాడుకలో ఉండేది. మంచి పేరున్న డాక్టర్లే రాసేవారు. చివరకు అమెరికాలో దాన్ని ఉత్తుత్తి మందుతో సరిగ్గా పోల్చి చూసినప్పుడు, మూడు మందులు తీసుకున్నవారిలో ఎనిమిది మంది, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఒకరు చనిపోయారు. 2011లో పరీక్షలోని ఆ మూడు మందుల భాగాన్ని మధ్యలోనే ఆపివేశారు. ఎసిటైల్ సిస్టీన్ ఒక్కటే ఇచ్చినా ప్రయోజనం లేదని 2014లో తేలింది. పరీక్ష పెట్టకపోయి ఉంటే ఆ చికిత్స ఈ రోజుకూ కొనసాగుతూ ఉండేది, ఇంకా ఎందరో దానివల్ల పోయేవారు. కషాయాన్ని అడుగుతున్నది ఇదే పరీక్ష.

పరీక్షకు నిలిచిన మూలికలను ఎవరూ కాదనలేదు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ చైనా మూలిక నుంచి వచ్చినదే. దాన్ని వెలికితీసిన తు యూయూకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. ఆమె బృందం పాత గ్రంథంలోని సూచనను పట్టుకున్నా అక్కడితో ఆగక, మూలికలోని పదార్థాన్ని వేరుచేసి, మోతాదు నిర్ణయించి, మనుషులలో పరీక్షించింది.

ఎలుకలలో ఫైబ్రోసిస్ తగ్గిందని చదివాము. అది చాలదా?

చాలదు. ఆ ప్రయోగాలలో ఎక్కువగా బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందును ఎలుక శ్వాసనాళంలో వేసి మచ్చను పుట్టిస్తారు. ముందు వాపు వస్తుంది, రెండు మూడు వారాలలో మచ్చ కడుతుంది, ఆ తరువాత వయసులో ఉన్న ఎలుకలలో అది చాలావరకు తనంతట తానే కరిగిపోతుంది. ఐపీఎఫ్‌లో మచ్చ అలా కరగదు. పైగా మూలికను మొదటిరోజు నుంచే ఇచ్చిన ప్రయోగాలలో అది వాపును అడ్డుకుని ఉంటుందే తప్ప కట్టిన మచ్చను కరిగించినట్టు కాదు. ఎలుకలలో పనిచేసి మనుషులలో విఫలమైన పదార్థాలు ఈ జబ్బులో చాలా ఉన్నాయి, వాటిలో కంపెనీలు చేసిన మందులే ఎక్కువ.

తెలిసినవారికి మూలికా మందుతో పూర్తిగా తగ్గింది. దాన్ని ఎలా కాదంటారు?

వారికి తగ్గలేదని ఎవరూ అనడం లేదు. వారికి ఉన్నది ఏ జబ్బు అన్నదే ప్రశ్న. ఇలాంటి ఊపిరితిత్తుల జబ్బులున్నవారి వివరాలు నమోదు చేసి 2017లో ప్రచురించిన భారతీయ రిజిస్ట్రీలో 27 కేంద్రాల నుంచి 1,084 మంది రోగులను పరిశీలించగా, 47.3 శాతం మందికి ఉన్నది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అని, ఐపీఎఫ్ ఉన్నది 13.7 శాతం మందికే అని తేలింది. మొదటి జబ్బు బూజు, పక్షుల రెట్టలు, ఈకల వంటివి పీల్చడం వల్ల వస్తుంది. మన దేశంలో ఎయిర్ కూలర్ల పాత్ర కూడా ఆ పరిశీలనలో బయటపడింది. జబ్బు ఇంకా మచ్చ దాకా వెళ్లని రోగి కూలరు తీసేసినా, బాల్కనీలో పావురాలు వాలకుండా చేసినా, ఊరు మారినా, ఏ మందూ లేకుండానే గణనీయంగా కోలుకోవచ్చు. అదే సమయంలో కషాయం తాగుతుంటే పేరు కషాయానికి వస్తుంది. కోవిడ్ తరువాత స్కానులో కనిపించిన మచ్చలు కూడా చాలామందిలో నెలలు గడిచేకొద్దీ వాటంతటవే తగ్గాయి.

ఇంకొక కారణం చెప్పడానికి బాధగా ఉంటుంది. మూలికా మందుల పేరుతో అమ్మే పొడులలో, మాత్రలలో స్టెరాయిడ్ కలిపి ఉన్నట్టు అనేక దేశాల ప్రయోగశాలలు పలుమార్లు గుర్తించాయి. ఈ మోసం చైనాకే పరిమితం కాదు, మన నాటుమందులలోనూ ఉంది. స్టెరాయిడ్‌తో మొదటి వారంలోనే ఆకలి పెరుగుతుంది, హుషారు వస్తుంది, హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ ఉంటే ఆయాసం నిజంగానే తగ్గుతుంది.

మూలికలే కదా, పనిచేయకపోయినా హాని ఏముంటుంది?

ఈ ఒక్క మాటను మనసులోంచి తీసేయగలిగితే మిగతా జవాబులు చదవకపోయినా నష్టం లేదు.

పైన చెప్పిన జాంగ్ జోంగ్‌జింగ్ పేరుతోనే ప్రసిద్ధమైన మరొక కషాయం ఉంది. చైనాలో షియావో చాయ్‌హు తాంగ్ అంటారు, జపాన్‌లో షోసైకోతో అంటారు. జపాన్‌లో దీర్ఘకాలిక హెపటైటిస్ రోగులకు ఆధునిక డాక్టర్లే దీన్ని విస్తారంగా రాసేవారు. అది వాడుతున్న కొందరికి పొడిదగ్గు, జ్వరం, ఆయాసం మొదలై, ఊపిరితిత్తుల గాలి గదుల గోడలలో వాపు, అంటే ఇంటర్‌స్టీషియల్ న్యుమోనియా వచ్చినట్టు గమనించారు. హెపటైటిస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ అనే మందుతో కలిపి దీన్ని వాడరాదని 1994లో నిషేధించారు. అయినా అప్పటి నుంచి 88 కేసులు, వాటిలో పది మరణాలు నమోదు కావడంతో, 1996లో జపాన్ ఆరోగ్యశాఖ అత్యవసర హెచ్చరిక జారీచేసింది. అందులోని హువాంగ్‌చిన్ అనే వేరు మీద అనుమానం ఎక్కువ. ఊపిరితిత్తుల జబ్బుకు ఏ సంప్రదాయం నుంచి మందు వెతుకుతున్నామో, ఆ సంప్రదాయపు మేలైన కషాయాలలో ఒకటి, నాణ్యత తనిఖీలు కట్టుదిట్టంగా ఉండే దేశంలో, ఊపిరితిత్తులనే దెబ్బతీసింది. అప్పటికే సగం పాడైన ఊపిరితిత్తులకు ఇలాంటి దెబ్బ తట్టుకునే శక్తి ఉండదు.

రెండవ ఉదంతం మూలికల పేర్లకు సంబంధించినది. హాన్ ఫాంగ్‌జీ అనే తీగ వేరు నుంచి తీసే టెట్రాండ్రిన్‌ను, రాతిధూళి వల్ల వచ్చే సిలికోసిస్‌కు చైనాలో మందుగా వాడతారు. కనుక ఫైబ్రోసిస్ చర్చలో ఫాంగ్‌జీ పేరు తరచుగా వినిపిస్తుంది. గువాంగ్ ఫాంగ్‌జీ అని పిలిచే మరొక మొక్క ఉంది. అది పూర్తిగా వేరే కుటుంబానికి చెందినది, అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం అనే విషం ఉంటుంది. బెల్జియంలోని బ్రసెల్స్‌లో బరువు తగ్గించే ఒక క్లినిక్ ఇచ్చిన క్యాప్సూళ్లలో మొదటిదానికి బదులు రెండవది పడింది. 1993లో వైద్యులు ఈ సంగతి బయటపెట్టారు. వందకు పైగా మహిళల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఆ తరువాతి ఏళ్లలో కొందరికి మూత్రనాళ క్యాన్సర్ వచ్చింది. వారి మూత్రపిండాలలో జరిగింది ఏమిటంటే ఫైబ్రోసిస్సే. దుకాణంవాడు ఇచ్చిన వేరు ముక్క ఏ మొక్కదో మనం కళ్లతో చూసి చెప్పలేము, చాలాసార్లు అతనూ చెప్పలేడు.

వీటి ముందు మిగతావి చిన్నవిగా కనిపిస్తాయి కానీ రోజువారీగా ఎక్కువ ఎదురయ్యేవి అవే. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే రక్తంలో పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది, కాళ్లకు నీరు చేరుతుంది. నీరు తీసే మాత్రలు లేదా స్టెరాయిడ్ కూడా వాడుతున్నవారిలో పొటాషియం మరింత వేగంగా తగ్గి గుండె లయ తప్పవచ్చు. హెషోవు అనే వేరు కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

డాక్టరు ఇచ్చిన మందులతో పాటు కషాయం తీసుకోవచ్చా?

డాక్టరుకు చెప్పకుండా తీసుకోకూడదు. ఐపీఎఫ్‌కు డాక్టర్లు రాసే మందులైన పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ రెండూ కాలేయ ఎంజైములను పెంచగలవు, అందుకే మొదటి కొన్ని నెలలు నెలనెలా, ఆ తరువాత మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేస్తారు. చాటుగా కషాయం కూడా నడుస్తున్నప్పుడు ఎంజైములు పెరిగితే, డాక్టరు తనకు తెలిసిన మందునే అనుమానించి దాని మోతాదు తగ్గిస్తారు లేదా ఆపేస్తారు. అంటే పనిచేస్తున్న మందు పోయి, పనిచేస్తుందో లేదో తెలియనిది మిగులుతుంది. నింటెడానిబ్‌కు రక్తస్రావాన్ని పెంచే స్వభావం కూడా ఉంది. దాన్‌షెన్, దాంగ్‌గుయి రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫారిన్ వాడుతున్నవారిలో దాన్‌షెన్ వల్ల ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయపు కొలత) ప్రమాదకరంగా పెరిగిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి. గుండెలో స్టెంటు ఉండి రక్తం పలుచబడే మాత్రలు వేసుకునే పెద్దలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు, వారికి ఇది మరీ ముఖ్యం.

ఆ మందులు కూడా జబ్బును నయం చేయవు కదా?

చేయవు. అవి జబ్బు వేగాన్ని తగ్గిస్తాయి. నింటెడానిబ్ మీద జరిగిన ఒక ప్రధాన పరీక్షలో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారి ఎఫ్‌వీసీ ఏడాదికి సుమారు 240 మిల్లీలీటర్లు తగ్గితే, మందు తీసుకున్నవారిలో సుమారు 115 మిల్లీలీటర్లు తగ్గింది. పిర్ఫెనిడోన్ కూడా దాదాపు అదే పని చేస్తుంది. 2014లో ప్రచురితమైన పరీక్షలో, ఎఫ్‌వీసీ పది శాతమో అంతకంటే ఎక్కువో పడిపోయినవారూ చనిపోయినవారూ కలిపి, మందు వాడినవారిలో దాదాపు సగానికి తగ్గారు. రోగికి మాత్రం మందు వేసుకున్నా ఆయాసం తగ్గినట్టు అనిపించదు. పైగా పిర్ఫెనిడోన్‌తో వికారం, ఎండకు చర్మం కమలడం, నింటెడానిబ్‌తో విరేచనాలు. లోపల తప్పిన నష్టం కంటికి కనిపించదు, కడుపులో తిప్పడం మాత్రం రోజూ తెలుస్తుంది. మందు మానేసి కషాయానికి మళ్లేది సరిగ్గా ఈ దశలోనే. భోజనం మధ్యలో మాత్ర వేసుకోవడం, మోతాదు మెల్లగా పెంచడం, విరేచనాలకు ముందుగానే మందు దగ్గర ఉంచుకోవడం వంటి చిన్న సర్దుబాట్లతో చాలామంది నిలదొక్కుకుంటారు. రెండు మందులకూ భారతీయ కంపెనీల జెనరిక్‌లు దొరుకుతున్నాయి.

కార్డిసెప్స్ సంగతి ఏమిటి?

హిమాలయాల ఎత్తులలో గొంగళిపురుగు మీద పెరిగే శిలీంధ్రం ఇది. మన ఉత్తరాఖండ్‌లో కీడా జడి పేరుతో ఏరుతారు. చైనాలో దీన్ని ప్రయోగశాలలో పెంచి క్యాప్సూళ్లుగా అమ్ముతారు. వాటిలో ఒకదాని పేరు జిన్‌షుయిబావో, అంటే లోహజలనిధి. ఊపిరితిత్తి, మూత్రపిండాల సిద్ధాంతం ఆ పేరులోనే ఉంది. ఐపీఎఫ్‌లో ఎఫ్‌వీసీ తగ్గుదలను ఇది ఆపుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. అసలైనది బంగారం ధర పలుకుతుంది కనుక నకిలీ కూడా ఎక్కువే.

చైనా మూలికా వైద్యానికి మన దేశంలో గుర్తింపు ఉందా?

లేదు. ఆయుష్ కింద ఆయుర్వేదం, యోగా ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, సోవా రిగ్పా, హోమియోపతి ఉన్నాయి. ఆక్యుపంక్చర్‌ను 2019లో కేంద్రం చికిత్సా విధానంగా అంగీకరించింది కానీ అది సూదులకే, మూలికలకు కాదు. సింగపూరులో ఉన్న తెలుగువారి పరిస్థితి వేరు; అక్కడ చైనా వైద్యులు చట్టప్రకారం నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు వైద్యుని చదువుకు హామీ ఇస్తుంది. కషాయం ఫైబ్రోసిస్‌ను ఆపుతుందని మాత్రం హామీ ఇవ్వదు.

మన అడ్డసరం, పిప్పలి వాడితే?

అడ్డసరం ఆకులోని వాసిసిన్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే కఫం కరిగించే మందు తయారైంది, కనుక దాని గుణాన్ని కాదనలేము. కానీ ఐపీఎఫ్ కఫం జబ్బు కాదు. పైన చైనా మూలికలకు చెప్పినదే దీనికీ వర్తిస్తుంది.

ఇప్పటికే వాడుతున్నాము. ఇప్పుడేం చేయాలి?

మందు డబ్బాలూ పొట్లాలూ అన్నీ, చైనా లిపిలో ఉన్న చీటీతో సహా, తదుపరి పరీక్షకు వెళ్లేటప్పుడు పల్మనాలజిస్టు దగ్గరికి తీసుకువెళ్లాలి. తిడతారేమోనని దాచకూడదు. దగ్గు ఒక్కసారిగా పెరిగినా, జ్వరంతో ఆయాసం వచ్చినా కషాయం ఆపి అదే రోజు డాక్టరును కలవాలి. ముఖం ఉబ్బడం, షుగరు పెరగడం, మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే విపరీతమైన ఆకలి కనిపించడం స్టెరాయిడ్ కల్తీకి గుర్తులు కావచ్చు; వాటితో పాటు నెలల తరబడి వాడకం ఉంటే, హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే కనుక డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. కాలేయ పరీక్ష, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం చేయించమని అడగాలి.

ఎఫ్‌వీసీని కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష పాత కాగితాలన్నీ ఒకచోట చేర్చి, కషాయం మొదలుపెట్టిన తేదీని వాటి మీద గుర్తుపెట్టి, దానికి ముందూ తరువాతా ఎఫ్‌వీసీ అంకె ఎలా మారిందో డాక్టరుతో కలిసి చూడాలి. అంకె తగ్గుతూనే ఉంటే మరో మూడు నెలలు చూద్దామన్న మాట వద్దు. ఆ మూడు నెలలలో పోయిన ఊపిరితిత్తి భాగం తిరిగి రాదు. ఊపిరితిత్తుల మార్పిడి శస్త్రచికిత్స హైదరాబాదులోనూ జరుగుతోంది, కానీ రోగి మరీ నీరసించాక వెళితే పేరు నమోదు చేసుకోవడమే కష్టమవుతుంది. ఆ అర్హత గురించి అడగవలసిన సమయం ఆక్సిజన్ సిలిండరు ఇంటికి రాకముందే.